మంత్రసానిని ఎంచుకున్నదెవరు?

ఇంటి దగ్గరే పురుడు పోసుకోవాలంటే ఎవరిని పిలవాలి, ఏ కేంద్రానికి వెళ్ళాలి, వెళ్ళాక ఏమేం అడిగి తెలుసుకోవాలి అన్న చర్చ ఈమధ్య హైదరాబాదు, విశాఖ లాంటి నగరాల్లో చదువుకున్న దంపతుల మధ్య వినిపిస్తోంది. ఆ చర్చకు అడుగున చాలాసార్లు ఒక నమ్మకం ఉంటుంది. మన అమ్మమ్మలకు, వాళ్ళ అమ్మలకు ఆ వీలు ఉండేదనీ, ఆసుపత్రులొచ్చి దాన్ని లాక్కున్నాయనీ. అనకాపల్లి జిల్లాలో కొండకర్ల లాంటి ఊరిని ఎదురుగా పెట్టుకుని, పాత విశాఖపట్నం జిల్లాలో పురుళ్ళు సాగిన తీరును వెనక్కి తిరగేస్తే ఆ నమ్మకం నిలవదు. ఎక్కడ కనాలి, ఎవరి చేతిలో కనాలి అన్నది కనబోయే మనిషే తేల్చుకున్న రోజులు ఇక్కడ దాదాపుగా లేవు. ఒకప్పుడు కులం, ఆనవాయితీ, దారి కలిసి తేల్చాయి. తర్వాత ప్రభుత్వ పథకం తేల్చింది. ఇప్పుడు ఆసుపత్రి తేలుస్తోంది. మరి ఈ నూటయాభై ఏళ్ళలో ఆడవాళ్ళు పోగొట్టుకున్నదేమీ లేదా అంటే, ఉంది. నొప్పులు మొదలైనప్పటి నుంచి మాయ పడేదాకా పక్కనుంచి కదలకుండా కూర్చునే ఒక ఆడమనిషిని పోగొట్టుకున్నారు. ఆమెకు చదువు చెప్పి, ఆసుపత్రితో ముడిపెట్టి నిలబెట్టుకునే అవకాశం ఒకటికి రెండుసార్లు వచ్చింది. రెండుసార్లూ పని సగంలో వదిలేశారు.

ముందు దారి సంగతి. కొల్లేరు తర్వాత రాష్ట్రంలో పెద్ద మంచినీటి సరస్సుగా పేరున్న కొండకర్ల ఆవ ఒడ్డున ఈ ఊరు ఉంది. హరిపాలెం, వాడ్రాపల్లి కూడా ఆవనంటుకున్న ఊళ్ళే. తాటిమాను తొలిచి చేసిన దోనెలు ఇక్కడ నిన్నమొన్నటి పర్యాటకుల సరదా కోసం పుట్టినవి కావు. చేపలకీ, తామరాకులకీ, అవతలి గట్టుకు చేరడానికీ అవే ఆధారం. అనకాపల్లి ఇక్కడికి దగ్గరే, ఆటోలో గంటలోపు. కానీ తారు రోడ్డూ, మోటారు బండీ లేని కాలంలో, వానలకు ఆవ పొంగి పల్లపు దారులు బురదైన రాత్రి, నిండు గర్భిణికి ఆ దగ్గర చాలా దూరం. అలాంటప్పుడు పట్నంలో ఎంత మంచి డాక్టరున్నా లెక్కలోకి రాదు. ఊళ్ళో ఉన్న చెయ్యే దిక్కు. దానికి తోడు మనలో తొలిచూలు పుట్టింట్లో పోసుకోవడం ఆచారం. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో అమ్మాయిని పుట్టింటికి తీసుకొస్తారు. తొలి పురుటికి అక్కడి మంత్రసాని, తర్వాతి కాన్పులకు అత్తవారి ఊరి మంత్రసాని. మొదటిది చాలాసార్లు ఆ అమ్మాయి పుట్టినప్పుడు బొడ్డుకోసిన మనిషే, లేదా ఆమె కూతురో కోడలో. ఈ ఏర్పాటులో భరోసా ఉంది, ఎరిగున్నతనం ఉంది. ఎంపిక మాత్రం లేదు.

మంత్రసాని పని ఎవరికైనా అబ్బే నేర్పుగా కాక, ఫలానా ఇళ్ళకు చెందిన చాకిరీగా నడిచింది. తెలుగునాట చాలాచోట్ల మంగలి ఇళ్ళ ఆడవాళ్ళు చేశారు. మాదిగ, చాకలి కుటుంబాల స్త్రీలు చేసిన ఊళ్ళూ ఎన్నో. మగవాడు క్షవరం చేసే ఇళ్ళకే భార్య పురుళ్ళు పోసేది. పంట కళ్ళంలో ఆ ఇంటికి మేర కొలిచి ఇస్తే అందులో ఈమె శ్రమ కూడా కలిసిపోయేది. పురుడు పోసినందుకు వేరుగా ఓ చీర, చేటలో బియ్యం, తలకింత నూనె. మగపిల్లవాడైతే ఇంకాస్త ధారాళం. బిడ్డ ఆడదైనంత మాత్రాన ఆమె పడ్డ కష్టం తక్కువేమీ కాదు, అయినా కూలి తగ్గేది. పని మాత్రం పెద్దది. కబురు రాగానే చేతిలో పని వదిలి వెళ్ళాలి. పొట్ట మీద చెయ్యి వేసి బిడ్డ తల ఎటుందో చూడాలి. నడిపించాలి, కూర్చోబెట్టాలి, నడుముకు కాపడం పెట్టాలి, భయపడుతున్న పిల్లకు ధైర్యం చెప్పాలి, మధ్యమధ్య అరవాలి కూడా. బిడ్డ బయటపడ్డాక మాయ వచ్చేదాకా ఆగి, బొడ్డు కోసి, దారంతో కట్టి, మాయను పాతిపెట్టించాలి. అక్కడితో అయిపోదు. పురిటి స్నానం దాకా రోజూ వచ్చి తల్లికి వేణ్ణీళ్ళు పోయాలి, పొట్టకు గుడ్డ బిగించి కట్టాలి, కాళ్ళు చాపుకుని వాటి మీద పసిగుడ్డును పడుకోబెట్టి నలుగుపెట్టి నీళ్ళు పోసి సాంబ్రాణి పొగ వెయ్యాలి. ఆ వృత్తిలో ఇవాళ్టికీ మిగిలిన ముక్క ఈ చివరిదే. పురుడు ఆసుపత్రిలో జరిగినా, పిల్లకు నీళ్ళు పోసే ఆమె కోసం పట్నాల్లో కూడా వెతుక్కుంటారు.

ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందేనని మంత్రసాని మీద మనకున్న సామెతను నవ్వుతూ వాడేస్తాం. అందులో ఉన్నది ఆమె కష్టం కంటే ఆమెకు కాదనే హక్కు లేకపోవడం. ఇంటివాళ్ళు ఎలా ఆమెను ఎంచుకోలేదో, ఆమె కూడా ఇంటిని ఎంచుకోలేదు. నెత్తురూ మాయా ముట్టుకోవడం మైల గనక ఆ పని మీద పడ్డ కులాలు అవి. పురిటిగదిలో ప్రాణం ఆమె చేతుల్లో పెట్టినవాళ్ళే పదకొండో రోజు దాటాక ఆమెను గడప బయట నిలబెట్టేవారు. ఇక ఈ మంత్రసాని కూడా అందని ఇళ్ళు బోలెడు. కూలి ఇళ్ళలో, బెస్త వాడల్లో, అత్తో పినతల్లో పక్కింటి ముసలమ్మో పురుడు పోసిన కాన్పులు తక్కువేమీ కావు. కాబట్టి పాతరోజులను తలుచుకునేటప్పుడు ఒక ఊరికి ఒక నేర్పరి మంత్రసాని అనే బొమ్మ గీసుకోవడం సగం నిజమే.

ఈ లోకం సర్కారు కాగితాల్లోకి దాదాపుగా ఎక్కలేదు. కార్మైకేల్ 1869లో, ఫ్రాన్సిస్ 1907లో విశాఖపట్నం జిల్లా మీద పెద్ద పుస్తకాలు వెలువరించారు. ఆనాటి జిల్లా గెజిటీర్లలో ఆరోగ్యం మాటెత్తితే జ్వరాలు, కలరా, మశూచి, దాతలు కట్టించిన ఆసుపత్రులు వస్తాయి. ప్రతి గడపలో రెండేళ్ళకోసారి జరిగే పని మీద చూపు ఆనదు. 1911 జనాభా లెక్కల వృత్తుల పట్టికలో మంత్రసానులను టీకాలు వేసేవాళ్ళు, కాంపౌండర్లు, నర్సులు, ఒళ్ళుపట్టేవాళ్ళతో కలిపి ఒకే వరుసలో పడేశారు. అలా అని దొరతనం పురుళ్ళను పట్టించుకోలేదనీ అనలేం. మద్రాసులో ప్రసూతి ఆసుపత్రి 1844లోనే మొదలైంది, కొన్నాళ్ళకే అక్కడ మంత్రసానులకు తర్ఫీదు పెట్టారు. 1875లో మద్రాసు వైద్య కళాశాలలో చేరిన నలుగురు స్త్రీలలో ఒకరైన మేరీ షార్లీబ్ అంతకుముందు ఆ ఆసుపత్రిలోనే పురుళ్ళ పని నేర్చుకుంది. ఘోషా స్త్రీల కోసం మద్రాసులో ఆసుపత్రి పెట్టడానికీ పూనుకుంది. 1883లో గుంటూరు చేరిన మిషనరీ డాక్టరు అన్నా కుగ్లర్ 1898 నాటికి అక్కడ ఆసుపత్రి తెరిచింది. కెనడా బాప్టిస్టు మిషన్ పిఠాపురంలో వైద్యం మొదలుపెట్టింది. విశాఖపట్నం, విజయనగరం రెండు ఊళ్ళలోనూ ఘోషాసుపత్రి అనే పేరు ఇప్పటికీ జనం నోట ఉంది. మగ డాక్టరు ముందుకు రాని ఇళ్ళ ఆడవాళ్ళ కోసం పుట్టిన పేరది. వైస్రాయి భార్య లేడీ డఫరిన్ పేరుతో 1885లో ఏర్పడిన నిధి దేశమంతటా ఆడ డాక్టర్ల, ఆడ ఆసుపత్రుల పని మొదలుపెట్టింది. ఇదంతా ఎవరికి చేరిందో గమనించాలి. పట్నవాసులకు, ఘోషా పాటించే స్తోమత ఉన్న ఇళ్ళకు. దోనెలో ఆవ దాటి కూలికెళ్ళే మనిషికి ఘోషా ఎక్కడిది!

పల్లెను ముట్టుకోవాలంటే మంత్రసానినే ముట్టుకోవాలని పాలకులకు తెలియక కాదు. లేడీ కర్జన్ 1903లో విక్టోరియా స్మారక నిధి పెట్టింది అందుకే. వంశపారంపర్యంగా పురుళ్ళు పోసే దాయీలకు శుభ్రత నేర్పాలని దాని ఉద్దేశం. పదిహేనేళ్ళ తర్వాత, 1918లో, ఆ నిధి తరఫున భారతదేశంలో పురుళ్ళ స్థితిగతులు బాగుచేయడం గురించి ఒక నివేదిక అచ్చయింది. ఆడ డాక్టర్లూ మిషనరీలూ రాసి పంపిన సంగతులు అందులో ఉన్నాయి. దాయీల మొరటుతనం, మురికి చేతులు, కన్న తల్లిని చీకటి కొట్లో పడేయడం గురించి చదువుతుంటే ఒళ్ళు జలదరిస్తుంది. అవి కట్టుకథలని నేను అనను. కానీ ఆ సాక్ష్యానికి ఒక ఒంపు ఉంది. ఆసుపత్రి గుమ్మం దాకా వచ్చేవి మంత్రసాని చేతిలో చెడిన పురుళ్ళే. బాగా జరిగిన పురుటికి డాక్టరమ్మ సాక్షి కాదు, కాగితం లేదు. దీనికి ఎదురు వాదమూ అంతే బలమైనది. చెడి, ఆసుపత్రికి రాకుండా ఇంట్లోనే కన్నుమూసిన తల్లుల లెక్క కూడా డాక్టరమ్మకు అందలేదు. రెండు వైపులా చీకటే గనక, ఆ నివేదికను మంత్రసాని మీద తీర్పుగా కాక ఒక పక్షం వాంగ్మూలంగా చదవడం న్యాయం.

శుభ్రత విషయంలో దోషం ఒక్క మంత్రసానిదే అన్నట్టు మాట్లాడడం కూడా చరిత్ర ఒప్పుకోదు. 1840లలో వియన్నా పెద్దాసుపత్రిలో రెండు ప్రసూతి వార్డులుండేవి. ఒకటి డాక్టర్లదీ వైద్య విద్యార్థులదీ, రెండోది మంత్రసానులదీ. డాక్టర్ల వార్డులో బాలింత జ్వరంతో దాదాపు పదిమందిలో ఒకరు పోతుంటే, మంత్రసానుల వార్డులో అందులో సగం కూడా లేరు. శవాలను కోసిన చేతులతో పురుటిగదికి రావడమే కారణమని అక్కడి డాక్టరు సెమ్మెల్‌వైస్ 1847లో పట్టుకున్నాడు. చేతులు కడిగించాక చావులు తగ్గాయి. పెద్ద డాక్టర్లు ఆయన మాట చెవిన పెట్టడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. చేతులు కడుక్కోవడం చదువుకున్నవాళ్ళకే అంత ఆలస్యంగా ఒంటపడితే, ఎవరూ కూర్చోబెట్టి చెప్పని మంగలి ఇంటి మనిషిని ఒక్కదాన్నే దోషిని చేయడం పెద్దమనిషితనం కాదు.

మద్రాసు రాజధానిలో లోకల్ బోర్డులు తర్ఫీదైన మంత్రసానులను జీతమిచ్చి పెట్టుకోవడం మొదలుపెట్టాయి. 1926లో నర్సులు, మంత్రసానుల చట్టం వచ్చి చదివినవాళ్ళ పేర్లు రిజిస్టరుకెక్కాయి. ఈ చట్టం మంచిదే, కానీ దానితో ఒక గీత పడింది. గీతకు ఇవతల చదివిన మంత్రసాని, తాలూకా కేంద్రంలో. అవతల ఊరి మంత్రసాని, పేరు లేకుండా. ఇద్దరి మధ్యా రాకపోకలు ఉండాలనీ, అవతలి మనిషికి కష్టం వచ్చినప్పుడు ఇవతలి మనిషి వెళ్ళాలనీ ఎవరూ ఏర్పాటు చేయలేదు. చదివిన మంత్రసానుల్లో చాలామంది ఊరికి కొత్తవాళ్ళు. ఇంటివాళ్ళు వాళ్ళను అంట్లూ గుడ్డలూ చూడమనేవారు కాదు గనక పాత మనిషి ఎలాగూ కావాలి. అలాంటప్పుడు ఇద్దరికి డబ్బెందుకని కొత్త మనిషిని పిలవడం మానుకునేవాళ్ళే ఎక్కువ. 1946లో, దేశ ఆరోగ్య వ్యవస్థను పరిశీలించిన భోర్ కమిటీ లెక్కతేల్చేసరికి దేశం మొత్తానికి చదివిన మంత్రసానులు సుమారు 5,000 మంది, అంటే 60,000 జనాభాకు ఒకరు. ప్రతి వెయ్యి సజీవ జననాలకు 20 మంది తల్లులు చనిపోతున్నారని ఆ కమిటీ అంచనా. చదివినవాళ్ళు సరిపడా తయారయ్యేదాకా ఊరి దాయీలకే శిక్షణ ఇచ్చి నడిపించమని కూడా ఆ కమిటీయే చెప్పింది. తాత్కాలికం అన్న మాట అప్పుడే పడింది. ఈ కథలో చాలా చెడుపు ఆ మాట చేసిందే.

స్వాతంత్ర్యం తర్వాత ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు, ఉపకేంద్రాలు, ఏఎన్‌ఎంలు వచ్చారు. దుర్గాబాయమ్మ 1937లో మద్రాసులో నెలకొల్పిన ఆంధ్ర మహిళా సభ లాంటి సంస్థలు నర్సుల చదువును తెలుగు అమ్మాయిలకు దగ్గర చేశాయి. పల్లెల్లో ఆ అమ్మాయే నర్సమ్మ అయింది. కానీ ఒక నర్సమ్మకు ఐదారు ఊళ్ళు, వాటి టీకాలు, కుటుంబ నియంత్రణ లక్ష్యాలు, రిజిస్టర్లు. అర్ధరాత్రి నొప్పులకు ఆమె ఊళ్ళో ఉంటే అదృష్టం. అందుకే 1977లో కేంద్రం మళ్ళీ పాత మనిషి వైపు తిరిగింది. వెయ్యి జనాభాకు ఒక దాయిని ఎంచి 30 రోజుల శిక్షణ, 300 రూపాయల భత్యం, ఒక పెట్టె ఇచ్చారు. పెట్టెలో సబ్బు, బ్లేడు, దారం, దూది. శుభ్రమైన చేతులు, శుభ్రమైన చోటు, శుభ్రమైన బ్లేడు, శుభ్రమైన దారం, ఏమీ పూయని శుభ్రమైన బొడ్డు అని ఐదు మాటలు వల్లెవేయించారు. ఐదోది తలకెక్కడం కష్టమైంది. బొడ్డుకు ఆముదమో పసుపో బూడిదో రాయకుండా ఉంచడం తరతరాల చేతికి చేతకాదు. ఇంతా చేసి, పెట్టెలో సరుకు అయిపోతే నింపేవాళ్ళు లేరు. నెత్తురు ఆగకపోతే ఎవరికి చెప్పాలో, చెప్తే ఎవరు వస్తారో ఎవరూ తేల్చలేదు. మళ్ళీ పిలిచి నేర్చుకున్నది చూసిన పాపాన పోలేదు.

ఇరవై ఏళ్ళు తిరిగేసరికి శిక్షణ వల్ల తల్లుల చావులు తగ్గలేదని ప్రపంచ సంస్థలన్నీ తేల్చాయి. 2004 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్వచనంలో నైపుణ్యం గల సహాయకుల జాబితాలోకి సంప్రదాయ మంత్రసాని రాలేదు. ఈ తీర్పును కొట్టిపారేయలేం. కాన్పయ్యాక పొంగే నెత్తురును 30 రోజుల చదువు ఆపదు. అడ్డం తిరిగిన బిడ్డను సబ్బు సరిచేయదు. ఆపరేషనూ నెత్తురు ఎక్కించడమూ అందుబాటులో లేకుండా తల్లి ప్రాణం నిలబెట్టడం చాలాసార్లు ఎవరివల్లా కాదు. కానీ శిక్షణ దండగ అనడం వేరు, వెనక దన్ను లేని శిక్షణ దండగ అనడం వేరు. పాకిస్తాన్ సింధు ప్రాంతంలో లర్కానా జిల్లాలో దాయీలకు శిక్షణ, పెట్టెలు ఇచ్చి, వాళ్ళను ప్రభుత్వ ఆరోగ్య కార్యకర్తలతోనూ ఆసుపత్రులతోనూ ముడిపెట్టి పరీక్షించారు. 2005లో అచ్చయిన ఆ ఫలితాల్లో పుట్టుకకు అటూ ఇటూ చనిపోయే బిడ్డల సంఖ్య దాదాపు 30 శాతం తగ్గింది. తల్లుల చావుల్లో తేడా అంత గట్టిగా తేలలేదు. రెండూ కలిపి చదివితే సంగతి అర్థమవుతుంది. చేయి శుభ్రమైతే బిడ్డ బతుకుతుంది, దారి దగ్గరైతే తల్లి బతుకుతుంది.

మన రాష్ట్రంలోనే దీనికి ఇంకా మంచి రుజువుంది, దాన్ని ఎవరూ పెద్దగా తలవరు. బొడ్డు కోసిన కత్తి మురికిదైతే పసిబిడ్డకు ధనుర్వాతం వస్తుంది. పుట్టిన కొద్ది రోజులకే దవడలు బిగుసుకుని పాలు పట్టలేక, ఒళ్ళు విల్లులా వంగి పోతుంది బిడ్డ. పల్లెల్లో ఆ రోగానికి దయ్యాల పేర్లు పెట్టుకున్న రోజులున్నాయి. 2003లో, దేశంలో మిగతా రాష్ట్రాల కంటే ముందు, ఆంధ్రప్రదేశ్‌లో ఈ జబ్బు నిర్మూలన స్థాయికి తగ్గిందని ధ్రువీకరించారు. దేశం మొత్తం ఆ గీత దాటింది 2015లో. ఇప్పుడు పురుళ్ళ లెక్క చూడండి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 1998-99లో రాష్ట్రంలో సగం కాన్పులు ఇళ్ళలోనే. 2005-06లో కూడా దాదాపు మూడోవంతు ఇళ్ళలోనే. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి ఇంట్లో బొడ్డు కోస్తున్న కాలంలోనే ధనుర్వాతం ఓడిపోయింది. గర్భిణులకు వేసిన టీకా దీనికి మొదటి కారణం, సందేహం లేదు. కొత్త బ్లేడు కూడా కారణం. ఆ బ్లేడు పట్టుకున్న చేతుల్లో ఊరి మంత్రసాని చేతులూ ఉన్నాయి. ఇల్లు ఇల్లైనందుకే ప్రమాదం కాదనడానికి నాకు ఇంతకంటే గట్టి సాక్ష్యం కనిపించదు.

తర్వాతి మార్పు మహా వేగంగా వచ్చింది. 2005 ఏప్రిల్‌లో జననీ సురక్ష యోజన, అదే ఏడాది ఆగస్టు 15న 108 అంబులెన్సు, వెనకే ఆశా కార్యకర్తలు. 2015-16 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 91కి పైగా, 2019-21 నాటికి 96కి పైగా కాన్పులు ఆసుపత్రుల్లోనే. ప్రతి లక్ష సజీవ జననాలకు తల్లుల మరణాలు 2001-03లో 195 ఉంటే 2018-20లో 45కి దిగాయి. ఆసుపత్రి కాన్పుల మీద ఎవరేం రాసినా ఈ రెండు అంకెల ముందు తలవంచి రాయాలి. ఆవ ఒడ్డు ఊళ్ళ నుంచి అనకాపల్లికో విశాఖకో గర్భిణి సమయానికి చేరడం కంటే పెద్ద వరం ఆ ఊళ్ళ ఆడవాళ్ళకు ఈ నూరేళ్ళలో రాలేదు. మంత్రసాని తనంతట తానుగా తప్పుకుందన్నది కూడా నిజం. ఆమె కూతురు ఆ పని వద్దంది. మైల చాకిరీ, చేటెడు బియ్యం, గడప బయట నిలబడడం వద్దనుకోవడం ఆత్మగౌరవం ఉన్న ఎవరైనా చేసే పనే. పాత వ్యవస్థ పోయిందని కన్నీరు కార్చేవాళ్ళు ఆ చాకిరీకి తమ ఇంటి ఆడపిల్లను పంపుతారా అని అడిగితే వాదన అక్కడే ఆగిపోతుంది. పోవలసిన కులకట్టు పోయింది. పోకూడని పని కూడా దానితో పోయిందన్నదే నా ఫిర్యాదు.

ఆ పని పోయినందుకు ఏం కట్టుకున్నామో 2019-21 సర్వే చెబుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు కోత కాన్పులు. ప్రైవేటు ఆసుపత్రుల్లో 63. తెలంగాణలో మొత్తం మీద 60కి పైన, ప్రైవేటులో 80 దాటింది. అవసరమైన కోత ప్రాణం నిలబెడుతుంది, కానీ తెలంగాణ ఆడవాళ్ళలో ప్రతి పదిమందికి ఆరుగురికి అది అవసరమని ఏ వైద్య గ్రంథమూ చెప్పదు. కారణాలు డబ్బు దగ్గర మొదలై ముహూర్తం దగ్గర దాకా వెళ్తాయి. పంచాంగం చూసి నక్షత్రం కుదిరిన గంటలో కోయించుకునే ఇళ్ళలో కూడా ఎంపిక ఉంది మరి, అది తల్లిది కాదంతే. అసలు కారణం మాత్రం మామూలుది. మొదటి కాన్పుకు నొప్పులు పన్నెండు గంటలో అంతకు మించో సాగుతాయి. అంతసేపూ పక్కన కూర్చుని, అన్నీ సవ్యంగా ఉన్నాయా లేదా కనిపెడుతూ, ఓపిక పట్టించే మనిషి ఆసుపత్రి జాబితాలో లేదు. డాక్టరుకు అంత తీరిక లేదు. నర్సుకు పది మంచాలు. చాలా ప్రసూతి వార్డుల్లో గర్భిణి తల్లిని కూడా లోపలికి రానివ్వరు. అందుకే నొప్పులు పడలేక కోతే మేలనే ఆడవాళ్ళను పిరికివాళ్ళనడం అన్యాయం, ఒంటరిగా పడలేకపోతున్నారు వాళ్ళు.

అయితే తిరిగి ఇంటికి పోదామా? ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. 2018లో తిరుప్పూరులో యూట్యూబు చూసి ఇంట్లో పురుడు పోసుకోబోయి ఒక తల్లి నెత్తురు పోయి చనిపోయింది. అది ఇంటి పురుడు కాదు, మనిషిలేని పురుడు. ఇంగ్లండులో 2011లో వచ్చిన పెద్ద అధ్యయనం, ఇబ్బందులేవీ లేని గర్భిణులను చదువుకున్న మంత్రసానులు చూసుకున్నప్పుడు, రెండో కాన్పు, ఆపై కాన్పులకు ఇల్లూ ఆసుపత్రీ బిడ్డకు ఒక్కటేనని తేల్చింది. తొలి కాన్పులో మాత్రం ఇంటి దగ్గర బిడ్డకు ముప్పు పెరిగింది. వెయ్యికి 5 దగ్గరున్నది 9కి చేరింది. పైగా ఇంట్లో మొదలుపెట్టిన తొలిచూలు గర్భిణుల్లో 45 శాతం మందిని మధ్యలోనో కాన్పయ్యాకో ఆసుపత్రికి తరలించాల్సి వచ్చింది. మన ఆచారం సరిగ్గా తొలి కాన్పునే పుట్టింటికి పంపేది! కాబట్టి ఇవాళ అనకాపల్లి జిల్లాలో ఇంట్లో పురుడు పోసుకుంటానని ఎవరైనా సలహా అడిగితే వద్దనే చెప్పాలి. ఇల్లు చెడ్డదని కాదు. ఆ అధ్యయనంలో ఇంటి వెనక ఉన్న చదువుకున్న మంత్రసాని ఇక్కడ పిలిస్తే పలికే దూరంలో లేదు గనక. ఒకప్పుడు ఈ ఊళ్ళలో మనిషి ఉంది, బండి లేదు. ఇప్పుడు బండి ఉంది, మనిషి లేదు. రెండూ ఒకే కాలంలో ఒక్క ఊళ్ళోనూ కలవలేదు.

ఇంటికీ ఆసుపత్రికీ మధ్య ఇంకో చోటు కూడా ఉండొచ్చని మన ఏజెన్సీ చూపించింది. సాలూరు వైపు కొండ మీది ఊళ్ళ నుంచి గర్భిణులను డోలీల్లో మోసుకు రావాల్సిన గతి తప్పించడానికి, నెలలు నిండేముందే కిందికి తెచ్చి ఉంచే గిరిశిఖర గర్భిణుల వసతి గృహం పెట్టారు. అక్కడ పురుడు పోయరు, ఆసుపత్రి దగ్గర్లో ఉంచి కనిపెట్టి ఉంటారు. దారి సమస్యను దారి సమస్యగానే పరిష్కరించిన అరుదైన ఏర్పాటు అది. మనిషి సమస్యను పట్టించుకున్నది హైదరాబాదు. ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011 నుంచి నర్సులకు మంత్రసాని విద్య నేర్పడం మొదలుపెట్టింది. 2017లో తెలంగాణ ప్రభుత్వం, యునిసెఫ్ తోడై 30 మంది ప్రభుత్వ నర్సులతో కరీంనగర్‌లో ఆ చదువు ప్రారంభించారు. 2018 డిసెంబరులో కేంద్రం దేశమంతటికీ మార్గదర్శకాలు ప్రకటించింది. నర్సు చదువు, అనుభవం ఉన్నవాళ్ళకు 18 నెలల కోర్సు, ఆ తర్వాత మామూలు కాన్పులను తమ పూచీ మీద చూసుకునే అధికారం. 2023లో నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. వంశపారంపర్యం లేదు, మైల లేదు, చేటెడు బియ్యం లేదు. జీతం ఉంది, రిజిస్టరులో పేరుంది, పక్కనే ఆపరేషన్ థియేటరుంది. 1903లో చేయాల్సిన పని ఇది.

ఈసారైనా సగంలో వదలరన్న ధీమా నాకు లేదు. కారణం ఆ మార్గదర్శకాల్లోనే ఉంది. మంత్రసానులు నడిపే విభాగాలను ముందుగా కాన్పులు ఎక్కువగా జరిగే పెద్ద ఆసుపత్రులకు అనుబంధంగా పెట్టమన్నారు. శిక్షణకు, భద్రతకు అది సబబే. కానీ 1926 చట్టం గీసిన గీత కూడా అలాగే పట్నంలో మొదలై పట్నంలోనే ఆగింది. మండలంలోని ఆరోగ్య కేంద్రంలో కాన్పులు తగ్గి, సిబ్బందికి చెయ్యి తిరగక, గర్భిణులు నేరుగా జిల్లా ఆసుపత్రికో ప్రైవేటుకో పోతున్న కాలంలో, ఆ కేంద్రానికి ఇలాంటి మనిషిని ఎప్పుడు పంపుతారన్నది ఎక్కడా తేల్చలేదు. వసతి గృహం ఒక శాఖది, అంబులెన్సు మరొకరిది, మంత్రసాని కోర్సు ఇంకొకరిది. కొండకర్ల నుంచి వెళ్ళే గర్భిణి తన పురుడు ఎవరు పోయాలో అడగాలంటే ముందు కనీసం ఇద్దరు ఉండాలి, ఆ ఇద్దరిలో ఒకరైనా అనకాపల్లి దాటి ఇవతలికి రావాలి. ప్రస్తుతం ఆమెకు దొరికే సమాధానం ఆ పూట డ్యూటీలో ఎవరుంటే వాళ్ళని.